మన పని అయిపాయ

కువైట్‌లోని దజీజ్‌లో గోదాముల వెనక మూతబడిన చిన్న హోటలు మాకు కావాలి. నేనూ రెడ్డెమ్మా అద్దె గదిలో ఉగ్గాని, బజ్జీలు చేసి గోదాముల కూలీలకు అమ్ముతున్నాం. అడిగేవాళ్లు పెరిగారు. గదిలో వండి అమ్మకూడదనీ, పట్టుబడితే ఇద్దరినీ విమానం ఎక్కిస్తారనీ వాచ్‌మన్ హెచ్చరించాడు. హోటలు తీసుకోవాలంటే లైసెన్సుకు కువైటీ మనిషి సంతకం కావాలి. జహ్రాలో నేను చాలా ఏళ్లు వంట చేసిన ఇంటి యజమానురాలు, నేను మామా అని పిలిచే ఆవిడ, కొడుకును అడిగి చెప్తానంది.

ఈ రోజు కబురు రాకపోతే రెడ్డెమ్మ మంగఫ్‌లో ఒక క్యాంపు మెస్సులో చేరుతుంది. అక్కడ పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఇక కదలనివ్వరు. బజ్జీలు వేసే చెయ్యి ఆమెది. ఆమె లేని హోటలు నాకెందుకు?

ఫోన్ మోగింది. మామా. "ఖలాస్, వెంకటేశ్వరీ, ఖలాస్!" కొడుకు ఒప్పుకున్నాడట, బండి పంపించిందట, వెంటనే రమ్మంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏమంటాది చిన్నమ్మా?" పొయ్యి దగ్గర్నుంచి రెడ్డెమ్మ అడిగింది.

"మన పని అయిపాయ మే" అన్నాను వెక్కుతూ. కింద మామా డ్రైవరు మహబూబ్ బాషా హారన్ కొడుతున్నాడు. చెప్పులు సరిగా తొడక్కుండానే దిగాను.

"ఇంగ నువ్వు సేఠమ్మవు గదమ్మా! మాకు బజ్జీ ఊరికే పెడతావా, దుడ్లు గుంజుతావా?" దారంతా బాషా ఇదే వరస.

"నోరు మూసుకోని బండి తోలు నాయనా. సంతకం పడేదాకా నా గుండె నిలవదు."

సంతకం పడింది. హోటలు తాళంచెవి కొంగున కట్టుకుని, బాషాను వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి గదిలో పొయ్యి ఆరిపోయి ఉంది. రెడ్డెమ్మ సంచి లేదు.

ఈ దేశంలో నా పక్కన పడుకుని లేచినవాళ్లు ఎందరో పోయారు. పోయొస్తానని చెప్పకుండా పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. ఆమెకు ఫోన్ కలిపాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

"యాడుండావే?"

"మంగఫ్‌లో. ఆఫీసు ముందర వరసలో నిలబడుకోనుండా."

"చెప్పకుండా పోతావా?"

"నువ్వే చెప్తివి గదా, ఏడ్చుకుంటా! మన పని అయిపాయ అని. నీ ముందర నేనూ ఏడ్సలేక వచ్చేస్తి."

అప్పుడు అర్థమైంది. పని జరిగిందని నేనన్నాను. మునిగిపోయామని ఆమె విన్నది.

"అయిపాయ అంటే అయిందనే! మామా ఖలాస్ అనె!"

"మళ్లా అదే మాట! హోటలు వచ్చెనా, పాయెనా? తిన్నగా చెప్పు!"

"వచ్చె! తాళం నా కొంగులో ఉండాది. పాస్‌పోర్టు ఇచ్చేస్తివా?"

అవతల ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ గద్దిస్తున్నారు. ఏదో పెనుగులాడిన చప్పుడు. నేను బాషా భుజం పట్టుకున్నాను.

"ఛోడో భయ్యా! నై దేతీ!" వదలమనీ, ఇవ్వననీ హిందీలో రెడ్డెమ్మ అరుపు. తర్వాత నాతో, రొప్పుతూ అంది: "నా చేతిలోనే ఉండాది. తిరిగొచ్చే బస్సు పాయ. బాషన్నను రమ్మను."

బాషా అప్పటికే మెట్లు దిగుతున్నాడు. నేనూ వెంటపడ్డాను. మంగఫ్ గేటు బయట ఆమె కనబడేదాకా ఫోన్ పెట్టేయనివ్వలేదు. తిట్టినా సరే, మాట్లాడుతూనే ఉండమన్నాను.