నూట ఏడు కిలోల గ్లోరీ, మడత సైకిలు

గ్లోరీ చిన్నపిల్లలు తొక్కే సైకిలు కొనుక్కొచ్చిందని, దాన్ని గొడుగులా మడిచి చంకలో పెట్టుకోవచ్చని, ఆమె ఎక్కి కూర్చుంటే మాత్రం అది తనంతట తానే మడత పడుతుందని పక్కింటి పుష్పమ్మ నల్లా దగ్గర నలుగురిలో అన్నదట. ఆ మాట మోసుకొచ్చింది గ్లోరీ అత్త అమృతమ్మ. నెత్తి మీద బిందె దించకముందే చెప్పేసింది.

"సైకిలొక్కటే మడత పడుతదా, మీ కోడలు గుడ మడత పడుతదా అని అడిగిందే. అందరు ఒక్కటే నవ్వుడు."

"మరి నువ్వేమన్నవ్ అత్తమ్మా?"

"నేనేమంట? నాగ్గుడ నవ్వొచ్చింది."

గ్లోరీ ఐదడుగుల పదకొండంగుళాల మనిషి. పెళ్లి ఫోటోలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మొగుడు జానీని పక్కన నిలబెట్టి తీశాడు ఫోటోగ్రాఫరు. అప్పటికీ ఇద్దరి తలలూ దాదాపు సమానంగానే వచ్చాయి. ఎత్తుకు తగ్గ ఒళ్లు. ఊళ్లో నవ్వడం ఆమెకు కొత్త కాదు. ఈసారి మాత్రం నవ్వును పట్టించుకునే తీరిక లేదు.

షాద్‌నగర్ దగ్గర మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు. ఏడాదికోసారి తీసేసినట్టు తీసేసి, మళ్లీ కొత్తగా చేర్చుకున్నట్టు చేర్చుకునేవాళ్లు. ఈ నెలాఖరుకు పది మందిని పర్మినెంటు చేస్తారట. ఆ లిస్టులో ఆమె పేరుంది. కానీ సూపర్‌వైజర్ గోపీకృష్ణ ముందే చెప్పాడు, నెలలో మూడు లేట్లు పడితే పేరు కొట్టేస్తారని. ఆమెకు అప్పటికే రెండు పడ్డాయి. నెల ముగియడానికి ఇంకా మూడు వారాలున్నాయి.

రెండు లేట్లూ షాద్‌నగర్‌లోనే పడ్డాయి. ఊరి నుంచి జడ్చర్ల స్టేషన్ ఐదు కిలోమీటర్లు, అక్కడి దాకా ఏదో ఒక బండి దొరుకుతుంది. ప్యాసింజరు రైలు దిగాక కంపెనీకి నాలుగు కిలోమీటర్లు షేర్ ఆటో. ఆటో నిండితే తప్ప కదలదు. పైగా గ్లోరీ ఎక్కబోతే డ్రైవరు "ఆగమ్మా, జర ఎనక నిలబడు, నువ్వెక్కితె ఇద్దరి జాగా పోతది" అని ముందు మిగతావాళ్లను ఎక్కించుకునేవాడు. నడిస్తే ముప్పావుగంట. స్కూటీ కొన్నా అది జడ్చర్లలోనే ఆగిపోతుంది. పెద్ద సైకిలును రైలు డబ్బాలోకి రానివ్వరు. ఒకరోజు ఎదురు సీటు కింద ఎవరో మడిచి పెట్టిన సైకిలు చూసింది. ఆయన్ను అడిగింది. వచ్చిన సెలవుకే మహబూబ్‌నగర్ పోయి కొనుక్కొచ్చింది.

షాపువాడు ఆమెను పైనుంచి కిందికి చూశాడు కానీ బరువు అడిగే ధైర్యం చేయలేదు. రెండు సంగతులు మాత్రం చెప్పాడు. ఈ సైకిలు నూటపది కిలోల దాకా మోస్తుంది. సీటు పైపు మీద ఒక గీత ఉంటుంది, సీటు ఎంత లేపినా ఆ గీత బయటికి కనపడకూడదు. "కనపడ్డదంటే లోపల పైపు చాలనట్టు. వంగుతది, లేకుంటె విరుగుతది."

ముందు బరువు సంగతి తేలాలి. ఊళ్లో నమ్మదగ్గ తూకం ఒక్కటే, వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా. అక్కడే జానీ హమాలీ. శుక్రవారం సాయంత్రం గ్లోరీ భుజానికి టిఫిన్ సంచీతో వచ్చి, బస్తా దించగానే కాంటా మీదికి ఎక్కి నిలబడింది. సంచులు కుడుతున్నవాళ్లు సూదులు ఆపేశారు.

"నూటతొమ్మిదిన్నర!" అని అరిచాడు కాంటా దగ్గరున్న గుర్వయ్య. "జానీ, తరుగెంత తీద్దాం? తేమ సూశినవా?"

"తాలు లేని గింజ అన్నా," అంది గ్లోరీ. "తరుగు తియ్యకు. ఉన్నదున్నట్టు చెప్పు."

నవ్వారు. కానీ ఈసారి ఆమెతో కలిసి నవ్వారు. సంచీ తీసి జానీ చేతికిచ్చి మళ్లీ నిలబడింది. నూట ఏడు.

జానీ మాత్రం నవ్వలేదు. ఇంటికి పోతూ దారిలో అన్నాడు, "సంచితోని కలిపితె అర కిలో మిగిలింది. అర కిలోను నమ్ముకొని రోడ్డెక్కుతవా?"

"సంచి పట్టుకపోను. క్యాంటీన్ల తింట. అప్పుడు మూడు కిలోలు మిగులుతది."

"షాపోనికి వాపస్ ఇచ్చెయ్. జర నా మాటిను."

"ఇచ్చేసి? సోమవారం నుంచి ఆటోవాని కాళ్లు మొక్కాల్నా?"

శనివారం కంపెనీకి సెలవు. పొద్దున బడి మైదానంలో ఎక్కి చూసింది. గీత దాకా సీటు దించితే మోకాళ్లు హ్యాండిలుకు తగిలాయి. వాటిని పక్కలకు జాపి తొక్కుతుంటే బడి పిల్లలు కప్ప నడకలు నడిచి చూపించారు. రెండు చక్కర్లకే మోకాలి చిప్పల కింద సలుపు. సీటు కాళ్లకు సరిపోయేంత లేపితే తొక్కడం ఎంతో హాయిగా ఉంది, చక్రాలు చిన్నవన్న సంగతే మరిచిపోయింది. దిగి చూస్తే గీత మూడు వేళ్లు బయటికొచ్చి ఉంది. లోపమెక్కడుందో అప్పుడు తెలిసింది. సైకిలు మోయలేకపోవడం కాదు, పైపు పొట్టిది.

రోడ్డు మీద అంజయ్య వెల్డింగ్ షాపు. ఊరికి ఆయన చేతి మీద గురి. చప్పుడు చేసే గేటు, గలగలలాడే ట్రాలీ డోరు, ఊగే మంచం, ఏది తెచ్చినా "ఊగకుండ చెయ్యి" అనేదే మాట. ముప్పై ఏళ్లు అదే మాట విని విని, కదిలేదల్లా ఆయన కంటికి లోపంగానే కనపడటం మొదలైంది.

గ్లోరీ సైకిలు అక్కడ పెట్టి, పాత పైపు చూపించింది. "గింతే లావు కాకా. జానెడు పొడుగు ఎక్కువుండాలె. దళసరి పైపు చూడు. ఇంకేం ముట్టకు."

"రేపు చర్చి అయినంక వచ్చి తీస్కపో బిడ్డా. నీ బరువుకు లారీ యాక్సిలు పెట్టుమన్నా పెడత."

ఆదివారం ప్రార్థన అయ్యాక జానీతో కలిసి పోయింది. పైపు చూసి ఆమె ముఖం వికసించింది. అంజయ్య జడ్చర్ల పోయి, లేతు మిషను మీద కొలతకు చెక్కించి తెచ్చాడు. జారిస్తే గొట్టంలోకి మెత్తగా దిగింది. కాళ్లకు సరిపడా లేపినా లోపల జానెడు మిగిలింది.

ఇక మడిచి రైలు సీటు కింద ఎట్లా పెట్టాలో చూద్దామని నడుమనున్న గొళ్లెం లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. వంగి చూసింది. మడత దగ్గర రెండు వైపులా కాలిన రంగు, నల్లటి అతుకు.

"పక్కా చేసిన," అన్నాడు అంజయ్య గర్వంగా. "నడుమ గా కీలు ఊగుతుండె. ఇగ ఈ జన్మల మడత పడది."

"ఎవరు చెయ్యిమన్నరు కాకా?"

అంజయ్య జానీ వైపు చూశాడు. జానీ చెప్పుతో నేలను గీకుతున్నాడు.

"నేనే చెప్పిన," అన్నాడు చివరికి. "రాత్రి వచ్చి చెప్పిన."

"ఊరు నవ్వుతదనా?"

"నవ్వితె నవ్వనీ. లారీలు తిరిగే రోడ్డది. నడిమిట్ల గా కీలు ఊసిపోతె? నిన్ను లేపనీకి నలుగురు గావాలె, వాళ్లొచ్చే దాక లారీ ఆగుతదా?"

ఆమెకు కోపం రాలేదనడం అబద్ధం. కానీ కోపం చూపే వేళ కాదది. రేపు సోమవారం. "మడత పడకుంటె రైలెక్కనియ్యరు. ఎక్కకుంటె మూడో లేటు. ఎనిమిదేండ్లు, జానీ." అంజయ్య వైపు తిరిగింది. "కోసెయ్ కాకా."

"కొయ్య. అతికింది కోస్తె ఇనుము బలం పోతది. నువ్వు పడితె అంజయ్య చేతిపని అంటరు."

"కీలు బోల్టు మీద అతికినవా?"

"లేదు. ఎదురెదురు పైపు మూతుల మీదనె. రెండు దిక్కుల రెండేసి అతుకు టాకాలు."

"అట్లయితె బలం యాడ పోయింది? బోల్టు బోల్టులెక్కనె ఉన్నది. టాకాలు తియ్యి."

"నేను తియ్య."

ఆమె బల్ల మీది ఆకురాయి తీసుకుంది. చర్చికి కట్టిన నారాయణపేట చీర కుచ్చిళ్లు దోపుకొని, నేల మీద కూర్చుని, సైకిలును కాళ్ల మధ్య ఇరికించుకొని అతుకు మీద రాయడం మొదలుపెట్టింది. గర్ర్‌గర్ర్‌మని చప్పుడు. ఐదు నిమిషాలకు అతుకు మీద చిన్న మెరుపు కనపడింది. పావుగంటకు ఆ మెరుపు చింతగింజంత అయింది. ఒడినిండా ఇనుప పొడి. కుడి అరచేతిలో బొబ్బ లేచి పగిలింది. కొంగు చుట్టుకుని మళ్లీ రాసింది.

సైకిలు అటూ ఇటూ జారుతోంది. జానీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, చక్రాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

ఇంకో పావుగంట చూశాడు అంజయ్య. "లెవ్వు," అన్నాడు. "నువ్వట్ల రాసుకుంట కూసుంటె రేపటిది గాదు, ఎల్లుండి రైలు గుడ పోతది." గ్రైండరు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, కీలు జోలికి పోకుండా అతుకు మట్టుకు పొరలు పొరలుగా లేపాడు. నాలుగో టాకా పోగానే సైకిలు టక్కున నడుముకు వంగింది. దాన్ని విప్పి, ఎండకు పట్టి, కీలు వెనక ఎక్కడన్నా చీలిక ఉందేమోనని చాలాసేపు చూశాడు. లేదు. గొళ్లెం బోల్టును ఇంకో చుట్టు బిగించాడు.

"నడిపి చూపియ్యి. చప్పుడు నేనింటె గాని పంపియ్య."

షాపు ముందున్న స్పీడ్ బ్రేకరు మీదుగా గ్లోరీ ఏడుసార్లు పోయి వచ్చింది. అంజయ్య రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, చెవి పెట్టి విన్నాడు. లారీవాడొకడు ఆపి "ఏమైంది పెద్దాయనా, పానం బాగలేదా?" అని అడిగాడు. ఏడోసారికి అంజయ్య లేచి, లుంగీ దులుపుకున్నాడు.

"గతుకు కనపడితె సీటు మీదినుంచి లెవ్వకు, హ్యాండిలు మీద బరువెయ్యకు. జర మెల్లగ పో. ఎన్క టైరుకు గాలి గట్టిగ కొట్టు. ఇగ పో."

సోమవారం తెల్లవారుతూనే సైకిలు తొక్కుకుంటూ బయల్దేరింది. జడ్చర్ల దాకా జానీ బైకు మీద వెనకాలే వచ్చాడు. ఆమెకు తెలుసు, తిరిగి చూడలేదు. స్టేషన్లో మడిచింది. పధ్నాలుగు కిలోల సైకిలు ఆమె చేతిలో కూరగాయల సంచీలాగే ఉంది. సీటు కింద కాళ్ల వెనక్కి నెట్టింది. టికెట్లు చూసేవాడు వంగి చూసి ముందుకు పోయాడు.

షాద్‌నగర్‌లో రైలు పది నిమిషాలు ఆలస్యం. ఎనిమిదీ ఐదుకు స్టేషన్ బయట సైకిలు విప్పి ఎక్కింది. ఎనిమిదిన్నరలోపు గేటు దాటాలి. షేర్ ఆటో ఇంకా ఇద్దరి కోసం నిలబడే ఉంది.

రెండు కిలోమీటర్లు బాగానే సాగింది. చిన్న చక్రాలకు ప్రతి గతుకూ నడుములోకే వస్తోంది. పెద్ద సైకిలుకు ఒకసారి తొక్కే చోట దీనికి రెండుసార్లు తొక్కాల్సి వచ్చింది. తొక్కింది. మలుపు దగ్గర కంకర తేలిన చోట వెనక నుంచి ఠంగుమని చప్పుడు. కీలేనా? దిగి చూసింది. కీలు బిగువుగానే ఉంది. వెనక చక్రంలో ఒక స్పోకు పుల్ల తెగింది. చక్రం సొట్టబోయి బ్రేకుకు రాసుకుంటోంది.

నడిచిపోతే అందదు. తెగిన పుల్లను పక్క పుల్లకు మెలిపెట్టింది. వెనక బ్రేకు తీగ ఊడదీసింది. చక్రం తిరిగింది, వంకర్లు పోతూనే తిరిగింది. ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుని, రోడ్డంచు పట్టుకుని తొక్కింది. చెమట కళ్లలోకి కారుతోంది. బొబ్బ పగిలిన అరచేయి హ్యాండిలుకు అంటుకుపోతోంది. వెనక నుంచి లారీ హారను కొడితే పక్కకు జరిగిందే కానీ దిగలేదు.

గేటు దగ్గర షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు గుంపుగా ఉన్నారు. ఆమె వచ్చి ఆగి, సైకిలును టక్కున మడిచి గోడకు ఆనించింది. ఎవరో ఈల వేశారు. ఆడవాళ్లు మూతికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. గార్డు సైదులు రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు కానీ రాయడం లేదు, పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్ గోపీకృష్ణ ముఖం చూస్తున్నాడు. గోడ గడియారంలో ఎనిమిదీ ఇరవై ఎనిమిది.

గోపీకృష్ణ సైకిలునూ ఆమెనూ మార్చి మార్చి చూసి నవ్వాడు. "ఏందమ్మా గిది, సర్కస్ కంపెనీ అనుకున్నవా? గింత మనిషివి, గింత సైకిలు మీద... ఏమని రాయమంటవ్?"

గ్లోరీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దేని మీద వచ్చిన్నో రాయనీకి మీ బుక్కుల కాలమ్ లేదు సార్. ఎప్పుడొచ్చిన్నో గది రాయుండ్రి."