తొమ్మిది నిమిషాల సెలక్షన్

స్విచ్చి నొక్కి చక్రధరరావు స్నానానికి వెళ్ళిపోయాడు.

పాత లాప్‌టాప్ నిద్ర లేవడానికి ఎంతసేపు పడుతుందో అతనికి నిమిషాల్లో తెలియదు, పనుల్లో తెలుసు. ఒక స్నానం, ఒక దీపం, ఒక పళ్ళెం ఉప్మా, ఆ తరవాత చొక్కా గుండీలు. ఆఖరి గుండీ దగ్గర ముందుగదిలోంచి టుంగుమని వినిపిస్తే ఆ రోజు దాని ఒంట్లో బాగున్నట్టే. వానాకాలంలో గుండీలయ్యాక తల కూడా దువ్వుకోవలసి వచ్చేది. తల మీద మిగిలిన జుట్టుకి అంత దువ్వెన ఎక్కువే అయినా, అతను ఓపిగ్గా దువ్వేవాడు.

ఈ రోజు మాత్రం ఉప్మా జోలికి పోకుండా, రెండు గుండీలు మిగిలి ఉండగానే ముందుగదిలోకి వచ్చేశాడు. బల్ల మీద, పాతదాని పక్కన, కొత్త లాప్‌టాప్ ఉంది. జగదల్‌పూర్ షాపు తరఫున అమ్మకాలకు తిరిగే వినోద్ నిన్న సాయంత్రం దాన్ని పెట్టి వెళ్ళాడు. "ఒక్క రోజు వాడి చూడండి రావ్‌జీ. రేపు నాలుగింటికి వస్తా. పసంద్ అయితే ఉంచుకోండి, పాతది ఎక్స్చేంజ్‌లో పట్టుకుపోతా. లేదంటే కొత్తదే పట్టుకుపోతా. బస్, సింపుల్" అన్నాడు. వెళ్ళేముందు పాతదాంట్లోని ఫోటోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి మరీ వెళ్ళాడు.

వేలెడు మందం కూడా లేదది. మూత మీద వేలిముద్రలు పడతాయని సుధారాణి తన చేతి అల్లిక గుడ్డ కప్పింది. చక్రధరరావు గుడ్డ తీసి, మూత ఎత్తి, స్విచ్చి మీద వేలు పెట్టాడు. వేలు తీసేలోగానే అది వెలిగి, ఏం చెయ్యమంటారన్నట్టు నిలబడింది. దగ్గకుండా ఎవరింట్లోకో అడుగు పెట్టినవాడిలా అతను వెనక్కి తగ్గాడు.

"ఏటి, పాడైపోనాదేటి?" వంటింట్లోంచి సుధారాణి అడిగింది.

"కాదు. వచ్చీసింది."

"అప్పుడేనా? మీరింకా ఉప్మాయే తినలేదు కదా!"

ఈ గని ఊరు కిరందుల్‌కి వచ్చినప్పుడు చక్రధరరావుకి పందొమ్మిదేళ్ళు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి, కొండ మీద ఇనుప గనిలో ఉద్యోగం కోసం పాసింజరు బండిలో వచ్చాడు. ఉద్యోగం రాలేదు. తిరుగుబండికి రెండు రోజులుండగా ఒక పెళ్ళిలో లైటు పట్టుకునే మనిషి కావాలంటే పట్టుకున్నాడు. అప్పుడు పట్టుకున్న లైటు ముప్పై రెండేళ్ళైనా దించలేదు. ఫిల్ము పోయి కేసెట్టు వచ్చింది, కేసెట్టు పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. టౌన్‌షిప్‌లో సగం పెళ్ళిళ్ళు అతని చేతుల మీదుగానే నడిచాయి. తెలుగు పెళ్ళి వీడియోలో తాళి దగ్గర సన్నాయి ఒక్కటీ ఉండాలనీ, గోండుల పెళ్ళి వీడియోలో వాళ్ళ డోలు మీద ఇంకే పాటా వెయ్యకూడదనీ అతనికి ఎవరూ నేర్పకుండానే తెలుసు.

కానీ ఈ వేసవిలో మూడు పెళ్ళిళ్ళు పక్క ఊరు బచేలీకి వెళ్ళిపోయాయి. అక్కడ కొత్త స్టూడియో పెట్టారు. పొద్దున పెళ్ళైతే రాత్రి భోజనాలకి ఆల్బమ్ చేతిలో పెడుతున్నారట. ఇంకో వేసవి ఇలాగే గడిస్తే ముందుగదిని ఎవరికో అద్దెకిచ్చి, కెమెరాని మేకుకి తగిలించాల్సిందే. ఆ సంగతి అతనికీ తెలుసు, సుధారాణికీ తెలుసు. కొత్తది కావాలని అతనికి బాగా తెలుసు. ఎందుకు మనసు రావడం లేదో మాత్రమే తెలియదు. సాయంత్రం నాలుగింటిలోగా తెలిస్తే బాగుండునని గుండీలు పెట్టుకున్నాడు.

పదిన్నరకి అవినాష్, నవీన వచ్చారు. పెళ్ళై తొమ్మిది రోజులు. అవినాష్ గనిలో డంపరు నడుపుతాడు. నవీనది సుక్మా అవతల, కుంట వైపు. మాట భద్రాచలం వైపుది. భర్తని ఏమని పిలవాలో తొమ్మిది రోజుల్లో ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి "ఇగో" అంటోంది.

ఫోటోల సెలక్షన్‌కి, అంటే ఆల్బమ్‌లోకి ఏవి ఎక్కాలో ఏరుకోవడానికి, దంపతులిద్దరే రావడం ఇక్కడి ఆచారం. దాన్ని పెట్టింది ఏ పెద్దలూ కాదు, పాత లాప్‌టాప్. మొదట్లో ఇరువైపుల పెద్దలూ వచ్చి బెంచీ నిండా కూర్చునేవారు. ఒక్కో ఫోటో పైనుంచి కిందికి, తెర దించుతున్నంత తాపీగా వచ్చేది. ముందు పందిరి, తరవాత బాసికం, ఆ తరవాత కనుబొమలు. నలభై సెకన్లకి గాని గడ్డం కనపడదు. ఒక పెళ్ళికూతురి మేనమామకి ముప్పై ఎనిమిదో ఫోటో దగ్గర నడుము పట్టేసి, నలుగురు మోసుకెళ్ళారు. అప్పటినుంచి పెద్దలు "పిల్లలే చూసుకుంటార్లే" అనడం మొదలుపెట్టారు.

"రండి బాబూ, ఈ రోజు మీది కొత్తదాంట్లో" అని చక్రధరరావు వాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నాలుగు వందల ఇరవై ఫోటోలు. వినోద్ చెప్పినచోట నొక్కాడు. కొత్త లాప్‌టాప్ కళ్ళు మూసినవాళ్ళని తీసేసింది, కదిలినవాళ్ళని తీసేసింది, నవ్వినవాళ్ళని ఏరింది, పేజీలు పేర్చింది, పూల అంచులు కుట్టింది. గోడ గడియారం చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు.

"అయిపోనాది" అన్నాడు. తన గొంతు తనకే నమ్మకంగా లేదు.

"ఏంది, అయిపోయిందా?" అంది నవీన. తాగబోతున్న మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

ముగ్గురూ ఆల్బమ్ చూశారు. ప్రతి పేజీలోనూ ఒక లావుపాటి మనిషి ముప్పై రెండు పళ్ళతో వెలిగిపోతున్నాడు.

"ఈయనెవరు? నా పెళ్ళి ఈయనతోనైందా ఏంది?"

"మా బాబూరావు మావయ్య" అన్నాడు అవినాష్ దిగులుగా. "కెమెరా ఉందంటే చాలు, ఆయన నోరు ముయ్యడు."

బాబూరావు నలభై ఒక్క ఫోటోల్లో ఉన్నాడు. పెళ్ళికొడుకు తొమ్మిదింట్లో ఉన్నాడు. తాళి కట్టేటప్పుడు అవినాష్ భయంతో కళ్ళు మూసుకున్నందువల్ల కొత్త లాప్‌టాప్ ఆ ముహూర్తాన్నే కొట్టేసింది.

"అంకుల్" అవినాష్ గొంతు సవరించుకున్నాడు. "పాతదాంట్లో చూడకూడదా?"

"దాన్లోనా? సాయంత్రమవుద్ది బాబూ!"

"ఫరవాలేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నవీన తల దించుకుని గ్లాసుతో మాట్లాడింది. "ఇంట్లో సాయంత్రం దాకా పడుతదని చెప్పొచ్చినం బాబాయ్. రెండే గదులు. చుట్టాలు పదకొండుమంది, ఇంకా పోలే. రేపట్నుంచి ఈయనకి డ్యూటీ."

చక్రధరరావు పాతదాన్ని వాళ్ళ వైపు తిప్పాడు.

మొదటి ఫోటో దిగడం మొదలైంది. కొబ్బరాకులు. మామిడి తోరణం. ఒక బట్టతల.

"మీ పెదనాన్న" అంది నవీన.

"కాదు, వంటాయన."

మీసం దాకా వచ్చాక పెదనాన్నేనని తేలింది. తప్పు చెప్పినవాళ్ళకి ముంజేతి మీద ఒక దెబ్బ అని నవీన పందెం పెట్టింది. గంట తిరిగేసరికి అత్తవారి చుట్టాలంతా ఆమెకి నుదుటి నుంచే తెలిసిపోయారు. అవినాష్‌కే ఎవరూ తెలియడం లేదు. ఒకటికి నాలుగు తప్పులు చెప్పి చెయ్యి చాపుతున్నాడు. నూట యాభయ్యో ఫోటోలో కన్నతల్లిని కూడా గుర్తుపట్టలేదు. చక్రధరరావు మొహం గోడవైపు తిప్పుకుని, శుభ్రంగా ఉన్న లెన్సుని మళ్ళీ తుడిచాడు.

రెండు వందల పన్నెండో ఫోటోలో ముందు పాపిట వచ్చింది, తరవాత నవీన కళ్ళు. వాటి నిండా నీళ్ళు. అప్పగింతలప్పటిది. ఎవరూ పందెం కాయలేదు.

"అంత ఏడ్చావేం?" అవినాష్ మెల్లిగా అడిగాడు. "మా ఊరు రావడం ఇష్టం లేకనా?"

ఆమె తెర వైపు చూసింది. ముక్కు వచ్చింది. పెదవులు వచ్చాయి. అదే పాతదాని గొప్ప, ఎవరూ తొందరపెట్టరు. గడ్డం కూడా వచ్చాక నోరు విప్పింది.

"ఆకలైతుండె."

"ఏంటీ?"

"పొద్దుగాల్నుంచి ఏం తినలే. మీవాళ్ళు ఒక్కరన్నా అడిగిండ్రా? మీ బాబూరావు మావయ్య నా ముందే లడ్డు తిన్నడు."

అవినాష్ లేచి బయటికి పరిగెత్తాడు. ఇంకో ఆరు ఫోటోలు దిగేలోగా పొట్లంతో తిరిగొచ్చాడు. ఆలూ గుండాలు. ఈ ఊరి బంగాళాదుంప బొండాలు, చెయ్యి కాలేంత వేడివి. ఆమె ఊదుకుంటూ మూడు తినేదాకా అతను తెర వైపు చూడనే లేదు.

రెండు కావస్తుండగా అవినాష్ తల ఎత్తాడు. గనిలో పనిచేసేవాడికి గడియారం అక్కర్లేదు. "అంకుల్, టైమ్."

రోజూ రెండింటికి కొండ మీద పేలుడు ఉంటుంది. నాలుగు సెకన్లు కిటికీలు గలగలమంటాయి, బల్ల వణుకుతుంది. పాత లాప్‌టాప్ లోపల తిరిగే డిస్కుకి కుదుపు తగిలితే ప్రమాదమని చక్రధరరావు పదకొండేళ్ళుగా ఆ వేళకి దాన్ని రెండు చేతులా ఎత్తి, గుండెకి ఆనించుకుని గది మధ్య నిలబడతాడు. అన్నం తింటున్నా లేచి వస్తాడు. కొత్తదాంట్లో తిరిగేదేమీ లేదని వినోద్ నిన్ననే చెప్పాడు గాని, అలాంటి సమయంలో అవి గుర్తుకొస్తాయా!

లేచాడు. చేతులు రెండు, లాప్‌టాప్‌లు రెండు. ఆలోచన ఇంకా మొదలవకముందే చేతులు పాతదాన్ని ఎత్తేశాయి.

కొండ ఉరిమింది. బల్ల మీద కొత్తది అంచు వైపు జరగడం చూసి అవినాష్ ఎగిరి దాన్ని పట్టుకున్నాడు. నవీన అవినాష్‌ని పట్టుకుంది. నాలుగు సెకన్లలో అంతా సద్దుమణిగింది. అవినాష్ లాప్‌టాప్‌ని వదిలేశాడు గాని, నవీన అతన్ని వదలలేదు.

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ సుధారాణి ఇదంతా చూసింది. "తేలిపోనాది. ఏది ఎత్తుకున్నారో చూసేను" అంది.

"అలవాటు" అన్నాడు చక్రధరరావు, పాతదాన్ని ఇంకా దించకుండానే.

ఫోన్ మోగింది. అవినాష్ తల్లి వరహాలమ్మ. స్పీకర్ అక్కర్లేకుండానే గదంతా వినపడే గొంతు.

"ఏటి చక్రధరం, అయిపోయిందేటి? బచేలీలో గంటలో చేసీసి ఇస్తన్నారట! పెట్టె పట్టుకుని ఎవడో మీ ఇంటికొచ్చాడని విన్నాను, కొత్తది కొన్నావేటి?"

బెంచీ మీద ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చక్రధరరావు వాళ్ళని చూశాడు. పొద్దున్నే పని ముగించి, ఇంక నాతో పనేమైనా ఉందా అన్నట్టు కూర్చున్న కొత్తదాన్ని చూశాడు. చేతుల్లో ఉన్నదాన్ని చూశాడు. పదకొండేళ్ళుగా నెమ్మదిదనమంతా దీనిదేననుకున్నాడు. కానీ వాళ్ళ కోసం మొహం గోడవైపు తిప్పుకుని లెన్సు తుడిచింది తను, లాప్‌టాప్ కాదు కదా!

"కొన్నానక్కా" అన్నాడు. "చాలా పెద్దది. పెద్దది కాబట్టి ఇంకా జాగర్తగా చూస్తాది. సగం కూడా కాలేదు. సాయంత్రమవుద్ది."

"మరి నేనూ రానా?"

"రండక్కా. బెంచీకి వెనక ఆనుకోడానికి ఉండదు, అంతే."

"పిల్లలే చూసుకుంటార్లే" అని వరహాలమ్మ ఫోన్ పెట్టేసింది.

సుధారాణి టీలు అందించి అతని పక్కకి వచ్చింది. "అబద్ధం ఎంత బాగా ఆడేరు! మన పెళ్ళికి ముప్పై ఆరు ఫోటోలు. స్టూడియోలో రెండు నిమిషాల్లో చూపించీసినారు. బయటికొచ్చి మీ అమ్మ పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ళు కూర్చున్నాను."

"మరి అప్పుడు చెప్పలేదేటి?"

"ఎప్పుడు చెప్తాను? మధ్యలో మీ అమ్మ."

పెళ్ళైన ఇన్నేళ్ళకి అతను ఆ మాటకి గట్టిగా నవ్వాడు. బెంచీ మీది ఇద్దరూ అదేమిటో తెలియకుండానే నవ్వారు.

నాలుగు వందల ఇరవయ్యో ఫోటో గడ్డం దాకా దిగేసరికి పావు తక్కువ నాలుగు. తాళి ఫోటో, మూసుకున్న కళ్ళతో సహా, మొదటి పేజీకి ఎక్కింది. బాబూరావు మావయ్యకి నాలుగు పేజీలు మిగిల్చారు. ఇంటి దారి కుడివైపైతే, ఇద్దరూ ఎడమవైపు, స్టేషను చుట్టూ తిరిగి వెళ్ళారు.

నాలుగింటికి వినోద్ వచ్చాడు. "హాఁ, రావ్‌జీ? ఫైనల్?"

"కొత్తది ఉంచీ" అన్నాడు చక్రధరరావు.

వినోద్ పాతదాన్ని తిరగేసి, లోపలి డిస్కు ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. సుధారాణి దాన్ని తీసుకెళ్ళి బీరువాలో, తన గాజుల పెట్టెలో దాచింది. మిగిలిన శరీరాన్ని వినోద్ హిందీ పేపర్లో చుట్టాడు. "ఇన్నాళ్ళు ఎలా నడిపించారు దీన్ని? ఏ తో పెన్షన్ కేస్ హై!"

"బస్సులో కుదుపులుంటాయి. ఒళ్ళో పెట్టుకో."

"డిస్కు తీసేశాం కదా. ఇప్పుడేముంది అందులో?"

"అయినా సరే. ఒళ్ళో పెట్టుకో బాబూ."

బస్సు మలుపు తిరిగింది. కిటికీలోంచి పేపరు చుట్టిన మూల కాసేపు కనపడి, కనుమరుగైంది. చక్రధరరావు లోపలికొచ్చి అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాశాడు: "సెలక్షన్‌కి కనీసం ఐదు గంటలు. దంపతులు మాత్రమే రావలెను." దాన్ని తలుపుకి కట్టమని సుధారాణికి ఇచ్చి, కొత్తదాన్ని బల్ల మధ్యకి జరపబోయి ఆగాడు.

గోడ ప్లగ్గులో పాతదాని ఛార్జర్ మిగిలిపోయింది. రెండు చోట్ల నల్ల టేపు చుట్టిన వైరు బల్ల మీదికి వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు ఒంపు తిరిగి ఉంది. దాని చిన్న పచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.