అయిదో ఫారం

పొద్దున్న ఇస్త్రీబండి దగ్గర ఆ గొడవ విన్నప్పటి నుంచీ అట్టలాయనకి కాఫీ కూడా సహించలేదు.

గొడవపడింది దర్జీ, కాంపౌండరు. అదీ ఒక నవల గురించి.

"మొగుడు తిరిగొస్తే ఆవిడ తలుపు తీయలేదు కదండీ, వాన్లో నిలబెట్టేసింది!" అని దర్జీ.

"మీరు ఏ పుస్తకం చదివారో గానీ, అసలు మొగుడు తిరిగొచ్చిందెక్కడ?" అని కాంపౌండరు.

చదివింది ఇద్దరూ ఒకే పుస్తకం. ఆ మాటకొస్తే ఊరంతా చదువుతున్నది అదే పుస్తకం. ఒకప్పుడు ఈ ఊళ్లో నర్సుగా చేసిన ఒకావిడ నవల రాసి, అచ్చు చూడకుండానే కన్నుమూసింది. లైబ్రరీ మేడమ్ దాన్ని అచ్చువేయించి ఇంటికొకటి పంచింది. వారం వారం కొంత చదవడం, శనివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో చేరి మాట్లాడుకోవడం. మొదట్లో అందరూ మేడమ్‌ని చూసి నవ్వారు. ఇప్పుడు మంగలి షాపులో కూర్చున్నవాడు మొహంనిండా సబ్బు నురగతోనే ఆ నవల్లో అత్తగారిని తిట్టిపోస్తున్నాడు.

పుస్తకం అచ్చు వేసింది అన్న, అట్టలు కట్టింది తమ్ముడు. ఊరికి వాళ్లు ప్రెస్సాయన, అట్టలాయన. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే కొట్టు. ఓసారి తమ్ముడు బడిపుస్తకాలకి అట్టలు తలకిందులుగా అంటించాడు. "పనిమీద ధ్యాస లేదురా నీకు" అని అన్న నలుగురిలో కడిగిపారేశాడు. తమ్ముడూ మాటకి మాట అన్నాడు. మర్నాటికల్లా కొట్టు మధ్య చెక్కగోడ లేచింది. ఏళ్లు గడిచాయి. గోడకి అటు మిషను చప్పుడు, ఇటు సుత్తి చప్పుడు, అంతే. ఇద్దరికీ పౌరుషానికేం తక్కువ లేదు, తెలివికే కాస్త.

అలాంటివాళ్లకి మేడమ్ ఈ పని చెరిసగం ఇచ్చింది. అచ్చయిన కాగితాలు గోడ దాటక తప్పదు కదా. మొదటి కట్టలు కుర్రాళ్లతో పంపాడు అన్న. ఆఖరి కట్టలు తనే మోసుకొచ్చాడు. తెచ్చినవాడు వెళ్లిపోకుండా గుమ్మంలో నిలబడి పాత కబుర్లు మొదలుపెట్టాడు.

అట్టలాయన ఇస్త్రీబండి దగ్గర్నుంచి కొట్టుకి పరుగెత్తుకొచ్చి పొడుగు బల్ల ముందు నిలబడ్డాడు. పదహారేసి పేజీల మడత ఒక్కోటీ ఒక ఫారం. ఫారాల కట్టల్ని బల్ల అంచున వరసగా పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ కట్టకొకటి చొప్పున తీసుకుపోతే, ఒక చుట్టుకి ఒక పుస్తకం తయారవుతుంది. బల్ల మీద ఒకచోట జిగురు ఆరడానికి పరిచిన అట్టలు అలాగే ఉన్నాయి. ఒకటొకటే తీశాడు. కింద అయిదో ఫారం కట్ట, సగానికి సగం మిగిలిపోయి ఉంది.

 అన్న గుమ్మంలో నిలబడి మాట్లాడినంతసేపూ తను ఆ కట్టని దాటుకుంటూ తిరిగాడన్నమాట.

"ఇవాళ శనివారమేగా, సాయంత్రం హాల్లో చెప్పేయండి" అంది సంగతంతా విన్న భార్య, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ.

"చెప్తే అన్నయ్య మళ్లీ మాట్లాడడే. పనిమీద ధ్యాస లేదన్నాడా, లేదని రుజువు చేసి చేతిలో పెట్టినట్టే కదా!"

"చెప్పకపోతే అందరూ అచ్చులోనే తప్పంటారు. బావగారు మాట పడతారు."

అదీ నిజమే. అట్టలాయన అన్నం కలిపి, కలిపిందే కలుపుతూ కూర్చున్నాడు. ఇంకో ముద్ద తినమని ఆవిడా అడగలేదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. అన్న ముందు వరసలో కూర్చున్నాడు. తమ్ముణ్ణి చూసి పక్క కుర్చీ మీంచి తన చేతిసంచి తీశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం అట్టలాయనకి ముళ్లమీద కూర్చున్నట్టుంది.

ఈ వారం పైకి చదివే వంతు మంగలిది. అరవై నాలుగో పేజీ దాకా హాయిగా సాగింది. పేజీ తిప్పాడు, ఆగాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఇదేంటండీ, ఎనభై ఒకటి వచ్చింది?"

"అదిగో! నేను చెప్పలా!" అని కాంపౌండరు లేచాడు. హాలంతా పేజీలు తిప్పిన చప్పుడు. నాకుందంటే నాకు లేదని కేకలు.

"ప్రెస్సులో మింగేసినట్టున్నారు" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు.

అన్న చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా లేచి నిలబడ్డాడు. జన్మలో ఎవరికీ తల వంచని మనిషి.

"పొరపాటు నా దగ్గరే జరిగుంటుంది. నేనే సరిగ్గా..."

"కాదన్నయ్యా!" అట్టలాయన లేచాడు. "నువ్వు అన్నీ వేశావు. నేనే కట్టలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి మాట్లాడావు చూడు... ఇన్నేళ్లకి మాట్లాడుతున్నావు కదా, నీ మొహమే చూస్తూ తిరిగాను. చేతులు ఏం తీస్తున్నాయో చూసుకోలేదు."

 అన్న గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

"పేజీలు లేనివాళ్లు ఉన్నవాళ్ల పక్కన కూర్చోండి" అంది మేడమ్. కుర్చీలు జరిగాయి. దర్జీ పుస్తకంలోకి కాంపౌండరు తల దూర్చాడు. ఒకరి మీద ఒకరు పడి చదువుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. అట్టలాయన పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. అయిపోయింది, ఇక ఆ గోడ ఈ జన్మకి కదలదు అనుకున్నాడు. ఏడుపొచ్చింది.

"ఒరేయ్ చిన్నోడా."

తలెత్తాడు. అన్న గుమ్మంలో ఉన్నాడు.

"నీ కొట్టుకి తాళం వేసుంది. తాళంచెవి జేబులో పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావేం? మిగిలిన కట్ట తెచ్చివ్వొద్దూ వీళ్లకి?"

ఇద్దరూ కొట్టుదాకా నడిచారు. తాళం తీశాక అన్న బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, మిగిలిన ఫారాలు చూసి నిట్టూర్చాడు. సగం తమ్ముడి చేతుల్లో పెట్టి, సగం తను ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఆ రోజు ఎంతవరకు చెప్పాన్రా?"

"నాన్న మొదటి మిషను ఇంటికి తెచ్చిన రోజు. అమ్మ ఏమందో చెప్పబోతుంటే నీకు ఫోనొచ్చింది."

"ఆఁ. 'ఈ ఇద్దరి అరుపులూ చాలవని మూడోదాన్ని తెచ్చారా' అందిరా. ఆ తర్వాత నాన్న ఏం చేశాడంటే..."

హాల్లో ఊరంతా ఈ ఫారాల కోసం ఎదురుచూస్తోంది. అయినా అట్టలాయన తన చేతుల్లో కట్టని బల్ల మీద పెట్టేసి, ఊరికే నిలబడి విన్నాడు.