ఉస్తాజా దౌలత్ పలుకుబడి

"స్వరం కోసం వెళ్తున్నాను" అని చెప్పాను. సరిగ్గా అప్పుడే కింద వీధిలో గ్యాస్ బండివాడు రెంచితో సిలిండర్‌ను టంగుటంగుమని వాయించడం మొదలుపెట్టాడు. మా అత్తగారు హాజ్జా ఫిక్రియాకు నా మాటలో సగమే చేరింది.

"జ్వరమా? నాకెందుకు చెప్పలేదే!" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడ్డ నుదురు కాబట్టి వేడిగానే ఉంది. అంతే, నన్ను మంచం ఎక్కించారు. సోంపు కాచి తాగించారు. మధ్యాహ్నానికల్లా షుబ్రాలోని మా అయిదంతస్తుల మేడంతటికీ నాకు జ్వరమని తెలిసిపోయింది. పై వాటాలోని ఇల్లాలు కోడిని ఉడకబెట్టి గిన్నెతో సహా దిగివచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో నేను పడుకుని ఉంటే ఇంకొకరు వండి తెచ్చిన మొదటి రోజు అదే. అందుకే నిజం చెప్పడం కాస్త ఆలస్యం చేశాను. కోడి సగం అయ్యాక చెప్పాను, జ్వరం కాదు స్వరమని, డబ్బింగ్ చెప్పడం, వాయిస్ ఓవర్ ఇవ్వడం నేర్పే ఒకావిడ దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నానని.

మా ఆయన షౌకీ కోడికాలు కంచంలో పెట్టేసి, "జ్వరమైతే బాగుండేది. తగ్గేది" అన్నాడు.

నాకున్నది ఒక్క గొంతు. దాన్ని మా మరిది సాబిర్ ఎప్పుడో పట్టుకుపోయాడు. అతను కూరగాయల బండి నడుపుతాడు. ఓ సాయంత్రం మేడ మీద బట్టలు ఆరేస్తున్న నన్ను ఆపి, "వదినా, ఈ ఫోన్‌లోకి ఒక్కసారి అరువు" అన్నాడు. అరువు అంటే కేక పెట్టమని కాబోలు అనుకున్నాను, అప్పుగా తీసుకుంటున్నాడని తరవాత తెలిసింది. "బంగాళాదుంప బంగారం, ఉల్లి ఎర్రన, టమాటా నిన్ననే కోసింది!" ఆ కేక అప్పటినుంచి బండి మీది మైకులో తిరుగుతూనే ఉంది. నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే నా గొంతు సందు చివర ఉల్లిపాయలు అమ్ముతుంటుంది. పక్క సందు ఆడవాళ్ళు దాన్ని అనుకరించి నవ్వుకుంటారు. నాకు పేరు రావాలని ఆ ఇంట్లో ఎవరూ కోరుకోలేదు సరే, నా పేరు ఎవరి నోటికీ రాదు కూడా. మా పెద్దవాడు పుట్టిన గంట నుంచి నేను ఉమ్ హాతిమ్‌ను, హాతిమ్ వాళ్ళమ్మను. వాడు పుట్టాడు, నజ్లా అనే నా పేరు పోయింది. ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో.

ఒక రోజు మెట్రోలో ఆడవాళ్ళ పెట్టెలో నిలబడ్డాను. "తలుపులకు ఆనుకోవద్దు" అని ఎవరో ఆడమనిషి గొంతు చెప్పగానే తలుపు దగ్గర ఒరిగినవాళ్ళంతా లేచి నిటారుగా నిలబడ్డారు. మా ఇంట్లో నేను అదే మాట వెయ్యిసార్లు అన్నా ఒక్కడూ ఒంగిన నడుము సరిచెయ్యడు. ఆడదాని మాటకు జనం లేచి నిలబడే చోటొకటి ఉందన్నమాట! పలుకుబడి లేనిదాన్ని కదా, పలుకు నేర్పే బడి ఎక్కడుందని వెతికాను. దొక్కీ పేటలో దౌలత్ అనే ఉస్తాజా, అంటే గురువుగారి, పేరు దొరికింది.

మొదట్లోనే తప్పులో కాలేశాను. రంజాన్ నెల. ఇంట్లో తప్పకుండా దొరుకుతుందని ఇఫ్తార్ వేళకు ఫోన్ చేశాను. బాంగు వినపడుతుండగానే ఆవిడ ఎత్తింది. "దేశమంతా నోట్లో ఖర్జూరం పెట్టుకునే నిమిషంలో ఫోన్ చేశారంటే, మీ ఇల్లయినా తగలబడుతుండాలి, నా ఇల్లయినా తగలబడుతుండాలి. ఏది?" అంది. ఏదీ కాదన్నాను. పెట్టేసింది. సిగ్గుతో ఊరుకోవాలా? ఆ రాత్రే నా గొంతు ముక్కలు బోలెడు ఆవిడకు పంపాను, ఉల్లిపాయలతో సహా. జవాబు లేదు. పండగ అయ్యాక రెండు వాక్యాలు వచ్చాయి. "అడక్కుండా పంపిన గొంతు నేను వినను. ఎందుకు రావాలనుకుంటున్నారో క్లుప్తంగా రాసి, నాకు వీలైన వేళ అడగండి." రాత్రంతా రాసి, కొట్టేసి, చివరికి "నా గొంతు ఇంట్లో అందరికీ పనికొస్తోంది, నాకు తప్ప" అని పంపాను. మంగళవారం రమ్మంది.

దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది. ఉస్తాజా సన్నగా, అరవై దాటి, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేసుకుని ఉంది. "పేరు?" అంది. నజ్లా అని చెప్పాను. దూరపు చుట్టాన్ని ఎవరికో పరిచయం చేస్తున్నట్టు అనిపించింది.

"ఇదివరకు ఏం చేశారు?"

"బంగాళాదుంపలండీ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వినిపించమంది. వినిపించాను. "ఊపిరి ఎక్కడినుంచి తీస్తున్నారు?" అని అడిగింది.

"ముక్కులోంచి."

"కాదు. మాటకు ముందు ఎవరినో అనుమతి అడిగి, వాళ్ళు సరే అన్నాక తీస్తున్నారు. టమాటాకు కూడా" అంది.

ఆ గదికి కొన్ని పద్ధతులుండేవి. గలగలలాడే గాజులు వేసుకుని రాకూడదు. ముందురోజు వెల్లుల్లి తాలింపు, వచ్చేముందు పాలు, రెండూ పనికిరావు. ఆవిడ చెప్పేది అడక్కుండా రికార్డు చేసుకోకూడదు. తప్పు పట్టినప్పుడు "అది కాదండీ" అనకుండా మళ్ళీ చదవాలి. వేషం ఇప్పించమని ఎన్నడూ అడగకూడదు, ఇప్పించేటప్పుడు ఆవిడే చెబుతుంది. సంసారం చెప్పులతోపాటు గుమ్మం బయట వదలాలి. పిల్లలెందరు, మొగుడేం చేస్తాడు, ఇవేవీ ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. "చాలామంది నోరు తెచ్చుకుంటారు, చెవులు ఇంట్లో మర్చిపోతారు" అనేది. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి. రాలేకపోతే ముందుగా కబురు చెయ్యాలి. చెప్పకుండా మానేస్తే కుర్చీ పోతుంది, వాదనల్లేవు.

ఇంట్లో మాత్రం వాదనలే. "గొంతెమ్మ కోరికలు" అన్నాడు షౌకీ. గొంతు నాది, కోరిక నాది, మధ్యలో ఆ అమ్మెవరో నాకు తెలియదన్నాను. "నోటికి నేర్పే బడా? ఈమె నోటికి ఇంకా నేర్పాలా?" అని సాబిర్ పగలబడి నవ్వాడు. హాజ్జా మాత్రం, "వెళ్ళనీరా, మంగళవారం బట్టలు సోమవారమే ఉతుకుతుంది" అంది. అలాగే ఉతికాను. రెండు రోజుల వంట ఒక్క పొద్దున్నే వండాను. వెళ్ళేముందు షౌకీ ఆవిడ నంబరు తన ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు, "ఏ చోటో ఏమో" అని. ఇచ్చాను. మెట్రోలో వెళ్ళేటప్పుడు వాక్యాలు పెదాల మీదే చదువుకునేదాన్ని. పిచ్చిదనుకుని పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. అంత చోటు నాకు మా ఇంట్లో లేదు.

చలికాలం చివర్లో ఉస్తాజా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పిల్లల బొమ్మల సినిమా ఒకటుంది. అందులో ముసలి తాబేలు. అందరికీ దారి చెబుతుంది, తను మాత్రం ఆలస్యంగా వస్తుంది. దర్శకుడికి మీ గురించి నేను మాట ఇచ్చాను. గురువారం పదింటికి స్టూడియోకి రండి. నేనూ వస్తాను" అంది. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఏడవకూడదు, ఏడిస్తే గొంతు బొంగురుపోతుంది. ఇంటిదాకా ఏడుపును కూడా రెండు చేతులా పట్టుకుని మోసుకొచ్చాను.

గురువారం తెల్లవారాక హాజ్జా స్నానాలగదిలో జారిపడింది.

ఆ కేక విని ఎలా ఉన్నదాన్ని అలా పరిగెత్తాను. ఫోన్ వంటింట్లో ఉండిపోయింది. టాక్సీలో ఆవిడ తల నా ఒడిలో. షౌకీ ముందు సీట్లో. ఆసుపత్రి కిటికీ దగ్గర గుమాస్తా "రోగి పేరు?" అని గట్టిగా అడిగాడు. వెనక వరసలో అంతా మగవాళ్ళు. పరాయి మగాళ్ళ ముందు ఇంటి ఆడవాళ్ళ పేరెత్తాలంటే మా వీధి మగాళ్ళకు నడిబజార్లో చొక్కా గుండీలు ఊడినట్టుంటుంది. షౌకీ కిటికీలోకి తల దూర్చి గుసగుసలాడాడు. "వినపడలేదు సార్!" అన్నాడు గుమాస్తా. మళ్ళీ గుసగుస. తల్లి తుంటి విరిగి మూలుగుతోంది, కొడుకు తల్లి పేరు దాస్తున్నాడు. చివరికి నేనే వెనకనుంచి అరిచాను, "ఫిక్రియా!" షౌకీ నన్ను చంపేసేలా చూశాడు.

నన్ను హాజ్జా వదల్లేదు, నా ముంజేతిని పట్టుకుని మూలుగుతోంది. తొమ్మిది కావస్తోంది. "ఉస్తాజాకు ఫోన్ చెయ్యి. నేను రాలేనని చెప్పు. మీ అమ్మ పడిందని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇప్పుడే" అన్నాను. షౌకీ వరండాలోకి వెళ్ళి కాసేపటికి వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఏదో చిరాకులో ఉంది. పెట్టేసింది."

ఆవిడ చిరాకు నాకు అలవాటే. ఊపిరి పీల్చుకుని హాజ్జాతోపాటు ఎక్స్‌రే గదిలోకి నడిచాను.

ఇంటికొచ్చేసరికి ఆవిడ సందేశం ఉంది. "నజ్లా, గంటసేపు చూశాం. పాఠానికి రాకపోతే మీ పాఠం పోతుంది. నేను మాటిచ్చిన చోటికి రాకపోతే నా మాట పోతుంది. మీ కుర్చీ వేరే అమ్మాయికి ఇచ్చాను." పదేపదే చదివాను. గొంతు పోతే ఉప్పునీళ్ళు పుక్కిలించమని నేర్పింది. మాట పోతే ఏం పుక్కిలించాలో నేర్పలేదు.

"చెప్పానన్నావు కదా!" అన్నాను షౌకీతో.

"దేవుడి తోడు, చెప్పాను! ఆ ముసల్దానికి మతిమరుపు. పోనీలే, ఎలాగూ అమ్మకు ఇప్పుడు ఒక మనిషి ఉండాలి" అన్నాడు. ఆ "ఒక మనిషి" ఎవరో ఇల్లంతటికీ తెలుసు.

వరసగా ఫోన్లు చేసి విసిగించడం ఆవిడకు గిట్టదు. గుమ్మం ముందుకెళ్ళి నిలబడడం అసలే గిట్టదు. ఒకే ఒక్క సందేశం పంపాను: "ఆ పొద్దున మా ఆయన మీకు ఫోన్ చేశారు. మీరు విన్నారో లేదో తెలుసుకోవాలని మాత్రమే రాస్తున్నాను." రోజులు గడిచాయి. హాజ్జాకు ఆపరేషన్ చేసి తుంటిలో కడ్డీ వేసి పంపారు. పక్క తీసేదాన్ని, పక్క మార్చేదాన్ని, పక్కనే పడుకునేదాన్ని. జీవితంలో మిగిలినవన్నీ పక్కలే, మధ్య లేదు.

శుక్రవారం నమాజు అయ్యాక అందరూ మా ఇంట్లోనే చేరారు. హాజ్జా హాల్లో మంచం మీద. షౌకీ, సాబిర్, సాబిర్ భార్య ఇక్బాల్, నేను బల్ల చుట్టూ. కుందేలు మాంసం, ములూఖియా ఆకు పులుసు. వడ్డిస్తుంటే నా ఫోన్ మోగింది. నా చేతులనిండా పులుసు. ఇక్బాల్ తన మోచేత్తోనే అందరికీ వినపడే మీట నొక్కేసింది.

"నజ్లా, దౌలత్‌ను. మీ సందేశం గురించే. నా విద్యార్థులు అబద్ధమాడితే నాకు కష్టంగా ఉంటుంది, అందుకని అడుగుతున్నాను. ఆ రోజు నజ్లా గురించి నాకు ఎవ్వరూ ఫోన్ చెయ్యలేదు."

షౌకీ రొట్టె పక్కన పెట్టేశాడు. "ఎందుకు చెయ్యలేదండీ! నేనే చేశాను!"

"మీరా? ఏమని చెప్పారు?"

"ఉమ్ హాతిమ్ రావడం కుదరదు, ఇంట్లో పెద్దావిడ పడిపోయింది అని."

"ఆ ఫోను మీదా! ఉమ్ హాతిమ్ ఎవరని అడిగాను కదా."

"అడిగారు."

"మీరేమన్నారు?"

షౌకీ చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లోవాళ్ళు అన్నాను."

"పొరపాటు నంబరని పెట్టేశాను" అంది ఉస్తాజా మెల్లగా. "హాతిమ్ ఎవరో నాకు తెలియదు. నా దగ్గర ఉన్నది నజ్లా."

సాబిర్ ఊరుకోలేదు. "అన్న చేసిన తప్పేంటి? ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఇంటి ఆడదాని పేరు చెప్పుకుంటారా ఎవరైనా?"

"నువ్వు ములూఖియా తిను, చల్లారిపోతుంది" అని ఇక్బాల్ అతని కంచం అతని ముందుకు తోసింది. ఇక్బాల్ నా పక్షాన ఏదైనా తోయడం అదే మొదలు.

"తప్పు మీది కాదని తెలిసింది నజ్లా" అంది ఉస్తాజా. "కానీ తాబేలుకు గొంతు ఇంకొకరు ఇచ్చేశారు. కుర్చీలో కూర్చున్న అమ్మాయిని లేపలేను. అది న్యాయం కాదు."

"లేపొద్దండీ. వరస చివర నా పేరు రాసుకోండి."

"ఏడాది పట్టొచ్చు."

"రాసుకోండి. నజ్లా అబ్దుల్ ముహ్సిన్." అది మా నాన్న పేరు. పెళ్ళయ్యాక మొత్తం పేరు నా నోటితో నేను అనడం ఆ ఇంటి గోడలు ఎప్పుడూ వినలేదు. కిటికీ తెరిచి ఉందేమోనని షౌకీ అటు చూశాడు. తెరిచే ఉంది.

ఫోన్ ఆగిపోయింది. ఎవరూ నమలడం లేదు. మంచం మీదనుంచి హాజ్జా, "ఏమైందే? ఎవరు ఎవరికి ఫోన్ చేశారు? ఎందుకలా బిగుసుకుపోయారంతా?" అని అడిగింది.

చేతులు తుడుచుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అందరికీ వినపడేలా, ఒక్కో మాట విడివిడిగా చెప్పాను.

"ఏం లేదు హాజ్జా. నేను రానని మీ అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. రానిది ఎవరో చెప్పలేదు. అంతే."