ఆడవాళ్ళు అటు

దుర్గాభవానికి బ్రాందీ అలవాటు చేసింది అత్తగారు. ఇందులో వాదించడానికేమీ లేదు. కూతురు చిన్ని పుట్టినప్పుడు, బాలింత ఒళ్ళు చల్లబడకూడదని సీసా మూతతో కొలిచి కోడలి గొంతులో పోసింది వీరమ్మే. ఐ.పోలవరం వైపు చేపల వేటకెళ్ళే ఇళ్ళల్లో అది మందు. మిరియాల కషాయం ఎలాగో అదీ అలాగే. తరవాత రొయ్యల షెడ్డులో పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి, తలకాయలు తీసి వచ్చిన కోడలు వేళ్ళు వంగడం లేదంటే, "ఓ మూత తాగి పడుకోయే, నొప్పి లాగేస్తుంది" అన్నదీ ఆవిడే. మూత కాస్తా గ్లాసయ్యేసరికి ఆ నోటితోనే "మా వంశంలో తాగుబోతు ఆడది లేదు" అంది.

మొగుడు లోవరాజు పడవ దిగి తాగితే ఒళ్ళు నొప్పులకి. మామగారు తాగితే చలికి. దుర్గాభవాని తాగితే మాత్రం అది తాగుడు.

కాకినాడలో మందు మాన్పించే వార్డులో చేర్చినప్పుడు ఊళ్ళో గర్భసంచి ఆపరేషనని చెప్పారు. తిరిగొచ్చాక చుట్టుపక్కల ఆడవాళ్ళు యాపిల్ పళ్ళు పట్టుకుని వచ్చి పలకరించారు. "బిందెలెత్తకమ్మా, కుట్లు పిగులుతాయి" అని జాగ్రత్తలు చెప్పారు. ఆమె తల ఊపింది. లేని కోతకి ఇంత జాలి దొరుకుతోంది, ఉన్న జబ్బుకి ఒక్క మాటైనా దొరకదెందుకని చాన్నాళ్ళు ఆలోచించింది. కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

ఏడాది పైన ముట్టుకోలేదు. అప్పుడు చిన్ని పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వీరమ్మ సీసా తెప్పించి కోడలి చేతికే ఇచ్చింది. "నీకు కొలత తెలుసు కదే, నువ్వే పొయ్యి" అంది. ఆ ఇంట్లో అందరూ ఉన్నారు. ఎవరికీ అందులో తప్పు తోచలేదు. అన్నం వడ్డించేదీ మందు పోసేదీ ఎప్పుడూ ఆమే కదా మరి.

ఆమె కొలిచి గ్లాసులో పోసి మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. "వద్దమ్మా, పాలిచ్చేవాళ్ళు ముట్టుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది" అని చిన్ని గోడవైపు తిరిగి పడుకుంది.

గ్లాసు చేతిలో మిగిలింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చేతికి మిగిలినవాటితోనే పని. మొగుడు వదిలేసిన చేపముక్క, పిల్ల సగం తిని తోసేసిన ఇడ్లీ, నిన్నటి పులుసు, గిన్నెకి అంటుకున్న మాడు. పారబొయ్యడం దానికి ఎవరూ నేర్పలేదు. వంటింట్లోకి వచ్చింది, తూము దగ్గర నిలబడింది, తాగేసింది. అన్నం మిగిలితే ఎంత మామూలుగా తినేదో అంత మామూలుగా. గొంతు దిగాక గానీ తాను చేసిందేమిటో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ కూచుంది? పోయిందనుకుంది కదా. ఇంట్లో మనిషిలా ఏ మూలనో కూచుని పిలుపు కోసం చూసిందా? భయపడవలసిన సమయంలో ఆమెకి ఆ ప్రశ్నే పట్టుకుంది. ప్రశ్న తెమలకుండానే సీసా అయిపోయింది, ఇంకోటి వచ్చింది.

చిన్నికి వాసన సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వాసన పక్కనే పెరిగిన పిల్ల. ఒకరోజు పొద్దున్న తల్లి ఒళ్ళోంచి పాపని మెల్లిగా తీసుకుంది. "మానేదాకా దీన్ని ఎత్తుకోకమ్మా" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని దుర్గాభవానికి అనిపించింది.

"మళ్ళీ వార్డా?" అన్నాడు లోవరాజు. "ఈసారి ఏ ఆపరేషనని చెప్పమంటావు? గర్భసంచి ఒకసారే తీస్తారు."

మొదటిసారి వార్డులో ఉన్నప్పుడు నర్సమ్మ ఒక మాట చెప్పింది. మళ్ళీ జారితే ఒక్కదానివే కూచోకు, అమలాపురంలో చర్చి వెనక హాల్లో ఆదివారం మధ్యాహ్నం మానుకున్నవాళ్ళు కూడుతారు, వెళ్ళు అని. ఆ మాట పట్టుకుని ఆదివారం బస్సెక్కింది. "ఆ మీటింగులు మగాళ్ళకే" అని లోవరాజు వెనకనుంచి అన్నాడు. అంత కచ్చితంగా అతనికెలా తెలుసో అడగాలనుకుంది, బస్సు కదిలింది.

హాలు గుమ్మంలో ఒక పెద్దాయన కుర్చీలు సర్దుతున్నాడు. పేరు సాలమోను, రిటైరైన మేష్టారు. ఒకప్పుడు తాగి, మానేసి, ఆ మీటింగు నడుపుతున్న మనిషి. ఆమెకేసి సరిగా చూడకుండానే పక్కగది చూపించాడు.

"ఆడవాళ్ళు అటండీ."

"నేను మీటింగుకే వచ్చేనండీ."

"ఆయ్. అదీ మీటింగేనండి. మీ ఆయన్ని లోపలికి పంపించండి."

"ఆయన రాలేదండీ."

"మొదట్లో ఎవరూ రారండి. మీరు వస్తూ ఉంటే మెల్లిగా ఆయనే వస్తారు."

చెప్పిన చోటికి వెళ్ళడం ఆమెకి అలవాటు. వెళ్ళింది. పక్కగదిలో హాల్లోని మగవాళ్ళ భార్యలున్నారు. కృపమ్మ అనే టీచరుగారు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "మొదటిసారాండీ, కూచోండి" అంది. వాళ్ళ కబుర్లు దొంగల్ని పట్టుకున్న పోలీసు కబుర్లలా ఉన్నాయి. ఒకావిడ మొగుడు ఫ్లష్ ట్యాంకులో దాచేవాడట. ఇంకొకావిడ మొగుడు కొబ్బరికాయల రాశి కింద. దుర్గాభవాని చెవులు రిక్కించి వింది. ఇన్నాళ్ళూ తన వెనక లోవరాజూ వీరమ్మా గుసగుసలాడింది ఇదేనన్నమాట. దాచే మనిషి అవతలి పక్కనుంచి ఇలా కనిపిస్తాడన్నమాట.

"మీ ఇంట్లో ఎక్కడ దాస్తారండీ?" అని కృపమ్మ అడిగింది.

"బియ్యం డబ్బాలోనండీ. అడుగున."

క్రిస్టీనా అనే కొత్త పెళ్ళికూతురు ఫక్కున నవ్వింది. "మీ ఆయన నయమండీ. మా ఆయనకి బియ్యం డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలీదు."

అందరూ నవ్వారు. దుర్గాభవాని కూడా నవ్వింది.

"మా ఆయనకీ తెలీదండీ" అంది. "దాచింది నేను."

నవ్వు ఆగిపోయింది. పక్కావిడ చెంగు దగ్గరికి లాక్కుంది.

"మానేనండీ. మనవరాలు పుట్టినప్పుడు మళ్ళీ తాగేను. అందుకే వచ్చేను."

కృపమ్మ ఫ్లాస్కు మూత బిగించింది. "అయితే మీ కుర్చీ ఇక్కడ కాదండి" అని లేచింది. వెళ్ళగొడుతోందనుకుంది దుర్గాభవాని. కృపమ్మ ఆ ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి హాల్లోకి తీసుకెళ్ళి మగవాళ్ళ మధ్యన వేసింది.

"ఇదేంటండీ కృపమ్మగారూ" అన్నాడు సాలమోను. "ఆడవాళ్ళుంటే మావాళ్ళు నోరు విప్పరు."

"విప్పకపోతే పోనివ్వండి మేష్టారూ. ఈవిడ విప్పుతుంది."

తాతారావు అనే ఆటో డ్రైవరు తన కుర్చీ పక్కకి జరిపాడు. "కూచోండక్కా. మేం కరవం."

కూచుంది. పేరు చెప్పింది, తాగుతానని చెప్పింది, మాని మళ్ళీ మొదలెట్టానని చెప్పింది. మూడు మాటలూ కలిపి పైకి అనడం అదే మొదలు. ఎవరు అలవాటు చేశారని తాతారావు అడిగాడు.

"మా అత్తండి. మందని."

"మాకూ మందనే పోసేరక్కా, పడిసెం పట్టిందని" అన్నాడతను. పడిసెం ఇంకా తగ్గలేదన్నాడు వెనకనుంచి ఎవరో.

ఆ తరవాత వాళ్ళు చెప్పుకుంటూ పోయారు, ఆమె వింటూ పోయింది. తాగిన మగవాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి, తాగిన మగవాడికి భయం ఉంటుందని ఇప్పుడే వింటోంది. పొద్దున్నే చేతులు వణికి చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయేవాణ్ణని ఒకతను అంటే, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేక చెంగు కప్పుకుని షెడ్డుకి పరిగెత్తిన పొద్దులు గుర్తొచ్చాయి. దాహం ఒకటే, దాపరికం ఒకటే, పొద్దున్నే పెట్టుకునే ఒట్టు కూడా ఒకటే. మరి తేడా ఎక్కడుంది? గోడ అవతల టీగ్లాసుల చప్పుడు వినిపించాక దొరికింది. వీళ్ళు మానాలని ఆ గదిలో ఒక్కొక్కరికీ ఒక మనిషి కూచుని ఉంది. ఇంట్లో అన్నం దాచి, బస్సెక్కించి తెచ్చిన మనిషి. తనని తెచ్చింది తానే. వార్డు నుంచి వచ్చిన మర్నాడే తాను రొయ్యల షెడ్డుకి వెళ్ళింది. ఎవరూ వద్దనలేదు.

మీటింగు అయ్యాక అందరూ వెళ్ళారు. సాలమోను తలుపులు వేస్తున్నాడు. ఆమె మెట్టు మీద ఆగింది.

"వచ్చే ఆదివారం కూడా వస్తానండీ."

అతను తల ఊపాడు.

"తాగే ఆడవాళ్ళు ఇదివరకెవరూ రాలేదాండీ?"

"ఒకావిడ వచ్చింది."

"ఏ గదిలో కూచున్నారండీ?"

"అటే పంపించేను."

"నాలాగే ఆవిడా చెప్పలేదేమో."

"చెప్పిందండి. గుమ్మంలోనే చెప్పింది. నలుగురూ వింటారు, ఇంటికెళ్ళేక మాట్లాడదాం అన్నాను."

దుర్గాభవాని అతని మొహంలోకి చూసింది. "మీ ఇంటావిడాండీ?"

"ఆయ్. పోయింది. ఊళ్ళో కామెర్లని చెప్పేను." తాళం వేసి, పడిందో లేదో లాగి చూసుకున్నాడు. "వచ్చే వారం మీ కుర్చీ లోపలే వేస్తానండి. ఈ సంగతి మాత్రం మళ్ళీ అడక్కండి. ఇంక నా నోట రాదు."