మూత మీద ‘మా’

ఇంట్లో నన్ను వదినా అని పిలిచే మనిషి ల్యాబ్‌లో "టెక్నీషియన్ గారూ" అంటుంది. ఆ ‘గారూ’లో మర్యాద ఉందనుకునేరు, విసురు తప్ప మరేం లేదు. మా ఆయన చెల్లెలు. పెద్ద చదువు చదివింది, పరిశోధకురాలైంది, మూడేళ్ళ కిందట సరిగ్గా నేను పనిచేసే గదిలోకే వచ్చి పడింది. నేనక్కడ పంతొమ్మిదేళ్ళుగా ఈస్టు కణాలకు తిండి వండి పెడుతున్నాను.

ఆ రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి హెడ్డు మేడమ్ ముందు నిలబడి నా మీద చాడీలు చెబుతోంది. "చక్కెర లేని సీసాలో చక్కెర కలిపేసింది మేడమ్. మూడు వారాల పని మట్టికొట్టుకుపోయింది. రేపు కమిటీకి ఏం చూపించను?"

సంగతేమిటో చెప్తాను. ఈస్టు కణం పైపొరలో చక్కెరను లోపలికి మోసుకెళ్ళే ప్రోటీన్లు ఉంటాయి. వాటి పక్కనే, అచ్చం వాటిలాగే ఉండే ఇంకొకటుంది. అది గోరంత చక్కెర కూడా మోయదు. బయట చక్కెర ఉందో లేదో తడిమి చూసి, లోపలికి వేలాడే తన తోకతో కబురు చెబుతుంది, అంతే. ఉందని కబురొస్తే కణం కొత్తగా మోతగాళ్ళను తయారుచేసుకుంటుంది. ఆ మోతగాళ్ళకు మేం పచ్చ వెలుగు తగిలించాం కాబట్టి మైక్రోస్కోపులో కనబడతాయి. చక్కెర లేకపోతే మామూలు కణం పచ్చబడదు. మా దగ్గర ఇంకో రకం ఉంది, దాని కబురు ప్రోటీన్ మారిపోయింది. బయట ఏమీ లేకపోయినా ఉంది, ఉంది అని ఒకటే పోరు. కాబట్టి అది ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. రేపు చూపించాల్సింది ఈ తేడానే. తీరా చూస్తే చక్కెర లేని తిండిలో పెంచిన రెండు రకాల ఫ్లాస్కులూ పచ్చగా వెలుగుతున్నాయి.

"మామూలు కణాలు కూడా పచ్చబడ్డాయంటే వాటికి చక్కెర తగిలినట్టేగా," అంది నా ముఖం చూడకుండా. "టెక్నీషియన్ గారికి వయసు పైబడుతోంది మేడమ్. మతిమరుపు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నలభై ఆరేళ్ళకే పైబడిపోయానా? నీ పెళ్ళిలో రాత్రంతా నిద్రలేకుండా చాకిరీ చేసినప్పుడు ఎంత వయసమ్మా నాకు?"

"ఇంటి గొడవలు ఇక్కడొద్దు," అంది హెడ్డు. నా కాంట్రాక్టు కాగితం ఆవిడ బల్ల మీదే ఉంది, సంతకం కాకుండా. "సాయంత్రంలోపు తేల్చండి. తప్పు మీదైతే ఈసారి దీని మీద సంతకం పెట్టను."

ఏడాదికోసారి వచ్చే ఆ సంతకం మీదే బతుకుతున్నాను నేను. అది పోతే ఈ వయసులో నాకు ఇంకో ల్యాబ్ దొరకదు. భయం వేసింది, అబద్ధమెందుకు?

మెడికల్ షాపుకెళ్ళి మూత్రంలో షుగర్ చూసుకునే పట్టీలు తెచ్చాను. ముందు చక్కెర ఉన్న సీసాలో ఒకటి ముంచాను. క్షణాల్లో రంగు తిరిగింది. తర్వాత నా మీద నింద పడ్డ సీసాలో ముంచాను. నిమిషమైంది, రెండైంది, పట్టీ ఉన్న రంగులోనే ఉంది. అందులో చక్కెరకు బదులు తిండిగా నేను పోసింది గ్లిజరినే. నా వంటలో తప్పులేదు.

మరి మామూలు కణం ఎందుకు పచ్చబడింది? అసలది మామూలు కణమేనా?

చలిపెట్టె తెరిచి డబ్బా బయటకు లాగాను. ఆ బుల్లి ట్యూబుల మూత మీద ఒక్క అక్షరానికే చోటుంటుంది. మామూలుది ‘మూ’, మారినది ‘మా’. పంతొమ్మిదేళ్ళుగా అదే గుర్తు, రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి పెట్టాను. ‘మూ’ ట్యూబుకు నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది, దాని మీద మంచు కూడా చెదరలేదు. దాని పక్కన రెండు ‘మా’లు, రెంటికీ టేపు చింపి ఉంది. మారినదాన్ని ఎప్పుడూ రెండు ట్యూబుల్లో దాస్తాను. ఒకటి, మారినది కావాలంటే నేనే తీసిచ్చాను. రెండోదాన్ని మహాతల్లి తనే తీసుకుని మామూలు అని చదువుకుంది!

డబ్బా, రిజిస్టరు, పట్టీలు తీసుకెళ్ళి హెడ్డు బల్ల మీద పెట్టాను. ఆడపడుచు ముఖం కందగడ్డయింది.

"‘మా’ అని రాస్తే ఎవరైనా మామూలు అనే అనుకుంటారు," అంది. "ఇలా రాయడమే తప్పు."

నేను రిజిస్టరు మొదటి పేజీ తిప్పాను. చదివి అర్థం చేసుకున్నాను అని అడుగున ఆడపడుచే సంతకం పెట్టింది, పూలతీగలా మెలికలు తిప్పి మరీ.

హెడ్డు రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. "దీని మీద నేను రిపోర్టు రాయాలి," అంది.

అప్పుడు వచ్చింది ఆడపడుచు గొంతులోకి తేనె. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. "రిపోర్టెందుకు మేడమ్? ఈవిడ పరాయి మనిషా? మా వదినే. మేమూ మేమూ ఇంట్లో చూసుకుంటాం."

పొద్దున్న నా కూడు తీసెయ్యబోయిన చెయ్యి అది. భుజం మీంచి తీసి పక్కన పెట్టాను. జాలి లేదు, పీడ విరగడైనంత హాయిగా ఉంది.

"రాయండి మేడమ్. ఈ గదిలో మూడేళ్ళలో ఈవిడ నన్ను ‘మా’ అనడం ఇదే మొదటిసారి. ఇది కూడా మామూలు ‘మా’ కాదు. బయట ఏమీ లేకపోయినా ఉంది, ఉంది అంటుందే, ఆ ‘మా’."

హెడ్డు నా కాంట్రాక్టు కాగితం దగ్గరకు లాక్కుని పెన్ను మూత తీసింది.