ముక్కు మామ మాట

తులారే ఊరి చుట్టుపక్కల పశువుల దొడ్లలో ఫిదెన్సియోను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను ముక్కు మామే. పేడ చెరువు గట్టు మీద నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఇవాళ గ్యాసు బాగా ఊరుతోందనో, ఆవులకు దాణా మార్చారనో చెప్పేసేవాడు. నాలుగు వేల ఆవుల పేడను ఆ చెరువులోకి తోడి, పైన నల్లటి కప్పు వేసి, ఊరిన గ్యాసును శుద్ధి చేసి పాల లారీలకు ఇంధనంగా నింపుతారు. మోకాళ్ళు అరిగి పాలు పితకలేని మనిషిని యజమాని చెరువు పనికి పెట్టుకున్నది ఆ ముక్కును చూసే.

ఆ ముక్కు కాస్తా డిసెంబరులో వచ్చిన జ్వరంతో పోయింది. కాఫీ, సబ్బు, పేడ అన్నీ ఒకటే అయిపోయాయి. అతను ఎవరికీ చెప్పలేదు. యాభై తొమ్మిదేళ్ళ కుంటి మోకాళ్ళవాడికి ఇంకోచోట పని ఇచ్చే పిచ్చివాడెవడు? జంటగా పనిచేసే చెంచోకి కూడా చెప్పలేదు. చెంచో కూతురికి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడింది ఫిదెన్సియోనే. ఆ వరసన ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

మార్చిలో ఒక ఉదయం, పేడను చెరువులోకి తోడే పంపు ఆగిపోయింది. అది ఉండేది మూత వేసిన లోతైన సిమెంటు గోతిలో. చెంచో మూత తీసి తొంగిచూశాడు.

"గడ్డిమోపుల తాడు చుట్టుకుంది బావా. దిగి కోసేస్తే సరి. మీటరు ఆఫీసులో ఉంది, తెస్తానుండు."

విషపు గాలి ఉంటే మోగే మీటరు అది. గోతిలోకి దిగేముందు పెట్టి చూడాలని నియమం. ఆఫీసు అవతలి చివర ఉంది. ఇవతల గ్యాసు కోసం వచ్చిన లారీల వాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"నా ముక్కుండగా మీటరెందుకోయ్?" అనేశాడు ఫిదెన్సియో. ఏళ్ళ తరబడి అలవాటైన మాట, నోరు జారింది.

"అయితే చూడు మరి. నాకైతే ఇవాళ కంపు తేడాగా కొడుతోంది."

ఫిదెన్సియో వంగి పీల్చాడు. ఏమీ లేదు. మూడు నెలలుగా ఏమీ లేదు. నాకు తెలియడం లేదురా అనే మాట గొంతుదాకా వచ్చింది. లారీ వాళ్ళు కిందికి దిగి చూస్తున్నారు.

"పేడగోతిలో నారింజ పూల వాసనొస్తుందా ఏంటి? మామూలే. దిగు."

"నువ్వన్నావుగా, చాలు," అని చెంచో నిచ్చెన దిగాడు.

తాడు కోశాడు. పంపు కదిలింది, అడుగున పేరుకున్న పేడ పెళ్ళలుగా లేచింది, దాని కింద చిక్కుకున్న గ్యాసు పైకి తన్నింది. చెంచో ఒక్క కేక కూడా వేయకుండా అందులోకి ఒరిగిపోయాడు. తనూ దూకబోయిన ఫిదెన్సియోను లారీ వాళ్ళు ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు.

"ఈ గ్యాసు ముందు ముక్కునే చంపుతుందండి. ఎక్కువైతే ఎవరికీ వాసన తెలీదు. మీ తప్పేం లేదు," అన్నాడు విచారణకు వచ్చిన అధికారి. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు ఫిదెన్సియో ఆ మాటను పట్టుకున్నాడు. కానీ చెంచోకి తెలిసింది. తేడాగా ఉందని నోరు తెరిచి చెప్పాడు. ఆ సంగతి ఫిదెన్సియో అధికారికి చెప్పలేదు.

చెంచో ఇంట్లో తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన జరిగింది. నేల మీద సున్నంతో శిలువ వేశారు. ఆ సున్నం పోయిన మనిషి శరీరంతో సమానం. తొమ్మిదో సాయంత్రం ఆప్తుడొకడు దాన్ని ఎత్తి సమాధికి తీసుకెళ్ళాలి. "మీకంటే ఆప్తులెవరున్నారు అన్నయ్యా?" అని చెంచో భార్య ఎల్వీరా ఫిదెన్సియోనే అడిగింది.

ఆ సాయంత్రం అతను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చున్నాడు. కాఫీ పొంగి మంట ఆరిపోయింది. అతను గమనించలేదు. పక్క గదిలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి.

ఎల్వీరా గుమ్మంలోకి వచ్చి శాలువా చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా, గ్యాసు!" పరుగున వచ్చి పొయ్యి కట్టేసి, కొవ్వొత్తుల గది వైపు తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచింది. అప్పుడు అతని వైపు చూసింది.

"ఇక్కడే కూర్చున్నారు కదా అన్నయ్యా. ఇంత కంపు తెలీలేదా?"

ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయిందని చెప్పొచ్చు. ఆ ఇంట్లో ఆ రోజు అందరి ముక్కులూ అలాగే ఉన్నాయి. అతను తల దించుకున్నాడు.

"ఎప్పట్నించి?"

"డిసెంబరు నించమ్మా."

"ఆయన పోయింది మార్చిలో," అంది ఎల్వీరా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"మీటరు తెస్తానన్నాడు. నేనే వద్దన్నా."

అవతలి గదిలో జపమాల ఆగింది. "మామా, రా! ఎత్తే వేళయింది," అని ఎవరో పిలిచారు. ఫిదెన్సియో మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు.

ఎల్వీరా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"మీరొద్దు," అంది. "ఆయన్ని ముట్టుకోకండి."